లాప్‌టాప్ కొనేముందు మీ ఫైలు తెరిచి చూడండి

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

"తక్కువ బడ్జెట్‌లో వీడియో ఎడిటింగ్ లాప్‌టాప్" అన్న ఈ కార్యక్రమం పేరు చూడగానే మీలో సగం మంది నేనొక మోడల్ పేరు చెబుతానని, అది రాసుకుని వెళ్లిపోవచ్చని వచ్చి ఉంటారు. మోడల్ పేరు చెప్పను. చెప్పినా కొన్ని నెలలకి అది దొరకదు. దొరికినా, అదే పేరు మీద లోపల సరుకు మార్చేసి అమ్ముతారు. దాని బదులు, ఎదురుగా ఏ లాప్‌టాప్ పెట్టినా ఇది మన పనికి వస్తుందా రాదా అని మీరే తేల్చుకునే దారి చెబుతాను.

ఎడిటింగ్‌కి లాప్‌టాప్ కావాలి అనగానే మొదట దేని గురించి అడుగుతారు మీరు? గట్టిగా చెప్పండి. గ్రాఫిక్స్ కార్డు! అనుకున్నాను. ఎక్కడికి వెళ్లినా ఇదే జవాబు. నా వరసలో గ్రాఫిక్స్ కార్డు నాలుగోదో అయిదోదో అవుతుంది. మొదటిది అసలు లాప్‌టాప్‌లోనే లేదు. మీ ఫోనులో ఉంది, మీ కెమెరాలో ఉంది. మీరు తీస్తున్న వీడియో ఫైలు ఏ రకమో తెలియకుండా లాప్‌టాప్ ఎంచుకోవడం కుదరదు.

ఎందుకో చెబుతాను, ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఫోనుల్లో, చాలా కెమెరాల్లో వీడియో హెచ్.264 లోనో, హెచ్‌ఈవీసీ అని కూడా పిలిచే హెచ్.265 లోనో రికార్డవుతుంది. మొదటిది 2003లో వచ్చింది, రెండోది 2013లో. ఈ రెండూ చూడటం కోసం, పంపుకోవడం కోసం తయారైనవి. మనలాంటి వాళ్లు వాటిని ముక్కలు చేసి ఆడుకుంటారని పెట్టినవి కావు. ఫైలు చిన్నదవ్వాలని ఇవి ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచవు. ఒక ఫ్రేము పూర్తిగా దాచి, తర్వాతి ఫ్రేముల్లో ఏం మారిందో అంతవరకే రాసుకుంటాయి. ఖాతా పుస్తకంలో ఒకటో తేదీన నిల్వ రాసి, ఆపైన రోజువారీ జమాఖర్చులు మాత్రమే రాసినట్టన్నమాట. ఇరవయ్యో తేదీన నిల్వ ఎంత అని అడిగితే ఒకటో తేదీ నుంచి కూడుకుంటూ రావాల్సిందే.

సినిమా చూసినట్టు వరసగా చూసుకుంటూ పోతే ఇబ్బంది లేదు. ఎడిటింగ్‌లో మనం అలా చూస్తామా? టైమ్‌లైన్ మీద ఇక్కడ నొక్కుతాం, అక్కడ నొక్కుతాం, రెండు సెకన్లు వెనక్కి లాగుతాం, మళ్లీ ముందుకి. నొక్కిన ప్రతిసారీ ఆ లెక్కంతా మొదటి నుంచి కట్టాలి. నమ్మకం లేకపోతే కీబోర్డు మీద జె నొక్కి వెనక్కి ప్లే చేసి చూడండి. ముందుకి హాయిగా నడిచిన క్లిప్పు వెనక్కి అనేసరికి మొరాయిస్తుంది.

ఇంకో లెక్క. ఐఫోన్‌లో 4కే, సెకనుకి 30 ఫ్రేములు, హై ఎఫిషియన్సీ, అంటే హెచ్‌ఈవీసీ, పెడితే నిమిషానికి సుమారు 170 ఎంబీ అవుతుందని సెట్టింగ్స్‌లో ఆపిల్ వాళ్లే రాస్తారు. అంటే సెకనుకి మూడు ఎంబీ కూడా లేదు. ఎంత పాత హార్డ్ డిస్కయినా అంత అందించగలదు. కానీ దాన్ని విప్పాక చూడండి. 4కే ఫ్రేము అంటే 3840 ఇంటూ 2160, దగ్గరదగ్గర 83 లక్షల పిక్సెళ్లు. మామూలు 8 బిట్ వీడియోలో విప్పిన ఒక్కో ఫ్రేము 12 ఎంబీ పైచిలుకు. సెకనుకి 370 ఎంబీ దాటింది. దాని మీద రంగులు దిద్దడానికి డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ 32 బిట్ ఫ్లోట్‌లో, అంటే ఇంకా సూక్ష్మంగా, లెక్క చేస్తుంది కాబట్టి అక్కడ అదే ఫ్రేము వంద ఎంబీ దాకా ఉబ్బుతుంది. మూడు ఎంబీ లోపలికి వెళ్లి ఇంత అవుతోంది. "నా ఫైలు చిన్నదే, లాప్‌టాప్ ఎందుకు ఆగుతోంది" అని అడుగుతారు చూడండి, వాళ్లకి జవాబు ఇదే. చిన్న ఫైలే ఎక్కువ కష్టపెడుతుంది.

ఈ విప్పే పని, డీకోడింగ్, రెండు చోట్ల జరగొచ్చు. ఒకటి ప్రాసెసర్ కోర్లు తల బద్దలు కొట్టుకుని చేయడం. రెండు, ఇదే పని కోసం చిప్పులో విడిగా పెట్టిన చిన్న సర్క్యూటు చేయడం. ఇంటెల్ దీన్ని క్విక్ సింక్ అంటుంది, 2011 నుంచి పెడుతోంది. ఎన్విడియాది ఎన్వీడెక్, ఏఎమ్‌డీది వీసీఎన్, ఆపిల్‌ది మీడియా ఇంజిన్. పేర్లు ఏవైనా పని ఒకటే. ఈ సర్క్యూటుకి మీ ఫైలు రకం తెలిసి ఉంటే చవక లాప్‌టాప్ కూడా మెత్తగా నడుస్తుంది. తెలియకపోతే మొత్తం బరువు ప్రాసెసర్ మీద పడుతుంది, అప్పుడు ఖరీదైనది కూడా దగ్గుతుంది.

మరి మన ఫైలు ఏ రకమో ఎలా తెలుస్తుంది? మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇప్పుడు తెర మీద పెట్టాను చూడండి, ఫోనులో తీసిన క్లిప్పు ఇది. ఇన్ని వరసలు చూసి భయపడకండి, మనకి కావలసినవి నాలుగే. ఫార్మాట్ దగ్గర హెచ్‌ఈవీసీ అని ఉంది. బిట్ డెప్త్, అంటే ఒక్కో రంగుని ఎన్ని మెట్లుగా రాశారో చెప్పే లెక్క, దాని దగ్గర 8. క్రోమా సబ్‌శాంప్లింగ్, అంటే రంగు వివరం ఎంత దాచారన్నది, దాని దగ్గర 4:2:0. ఇంకా కింద ఫ్రేమ్ రేట్ మోడ్, ఇక్కడ వేరియబుల్ అని ఉంది. ఇందులో మొదటి మూడూ కలిపి మీకు ఏ లాప్‌టాప్ కావాలో చెబుతాయి.

8 బిట్, 4:2:0 అయితే మీరు అదృష్టవంతులు. గత కొన్నేళ్లలో వచ్చిన ఏ చిప్పయినా దీన్ని నమిలేస్తుంది. 10 బిట్, 4:2:0 అయినా పర్వాలేదు. హెచ్‌ఈవీసీ 10 బిట్ విప్పడం ఇంటెల్ 7వ తరం నుంచే ఉంది. చిక్కంతా 10 బిట్ 4:2:2 దగ్గర. మిర్రర్‌లెస్ కెమెరాలు ఇప్పుడు దీన్నే గొప్పగా చెప్పుకుంటున్నాయి. రంగులు దిద్దుకోవడానికి బాగుంటుంది, నిజమే. కానీ హెచ్‌ఈవీసీలో 4:2:2 ఉంటే ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చిప్పుల్లో ఉన్న క్విక్ సింక్ విప్పుతుంది, ఆపిల్ ఎం వరస చిప్పులు విప్పుతాయి. చాలా గ్రాఫిక్స్ కార్డులు విప్పవు. ఎన్విడియా ఈ 4:2:2 డీకోడింగ్‌ని 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరసలో గానీ చేర్చలేదు. అంటే ఏమైంది? 4:2:2 కెమెరా ఉన్నవాడు ఆర్‌టీఎక్స్ 4060 ఉన్న ఏఎమ్‌డీ లాప్‌టాప్ కొనుక్కుని కష్టపడుతుంటే, పక్కన ఉత్త ఇంటెల్ గ్రాఫిక్స్‌తో సగం ఖరీదు లాప్‌టాప్ పెట్టుకున్నవాడు అడోబీ ప్రీమియర్‌లో అదే క్లిప్పుని ఆడిస్తూ ఉంటాడు. అందుకే గ్రాఫిక్స్ కార్డు నాలుగో అయిదో అన్నాను.

హెచ్.264లోనే 10 బిట్ 4:2:2 తీసే కెమెరాలూ ఉన్నాయి. వాటికి చాలా ఇంటెల్ చిప్పుల్లోని సర్క్యూటు కూడా చేతులెత్తేస్తుంది. మీ కెమెరా అలాంటిదైతే మెనూలో హెచ్.265 ఉందేమో చూసి మార్చుకోండి, లేదా ప్రాక్సీలు, అంటే తేలికైన నకళ్లు, చేసుకోండి. ప్రాక్సీల గురించి తర్వాత చెబుతాను.

అసలు ఆ సర్క్యూటు పనిచేస్తోందో లేదో చూడటం కూడా తేలికే. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి, ఎడమ పక్క జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్పు, దాని మీద నొక్కండి. నాలుగు చిన్న గ్రాఫులు వస్తాయి. అందులో ఒకదాని మీద వీడియో డీకోడ్ అని ఉంటుంది, కనపడకపోతే ఏదో ఒక గ్రాఫు పేరు మీద నొక్కి మార్చుకోవచ్చు. ఇప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీ క్లిప్పు ప్లే చేయండి. ఆ గీత పైకి లేచి, ప్రాసెసర్ గీత కింద పడుకుంటే మంచిది. తిరగబడి వీడియో డీకోడ్ సున్నా దగ్గర ఉండి, ప్రాసెసర్ తొంభై దాటితే ఆ లాప్‌టాప్‌కి మీ ఫైలు పడదు. కొనేచోట డెమో పీసు ఉంటే పెన్ డ్రైవులో మీ క్లిప్పు తీసుకెళ్లి ఇదే చేయండి. ఎవరూ ఏమీ అనరు. ఏమైనా అంటే అక్కడ కొనకండి.

(ప్రశ్న: ఎక్స్‌పోర్ట్ ఎంత సేపట్లో అవుతుందో చూడక్కర్లేదా సార్?)

మంచి ప్రశ్న. రివ్యూలన్నీ ఎక్స్‌పోర్ట్ టైము మీదే నడుస్తాయి, ఎందుకంటే దాన్ని కొలవడం సులువు. ఒక పది నిమిషాల వీడియోకి మీరు ఎన్ని గంటలు టైమ్‌లైన్ ముందు కూర్చుంటారు? ఎన్ని నిమిషాలు ఎక్స్‌పోర్ట్ అవుతుంది? ఎక్స్‌పోర్ట్ పెట్టేసి మీరు లేచి వెళ్లిపోవచ్చు. నొక్కిన చోట బొమ్మ రావడానికి అర సెకను ఆలస్యమైతే మాత్రం దాన్ని మీరు గంటల తరబడి భరించాలి. కట్ ఎక్కడ పడాలో చెవికి, కంటికి తెలిసే క్షణం ఒకటి ఉంటుంది, ఆగి ఆగి నడిచే లాప్‌టాప్ మీద అది తెలియదు. తక్కువ డబ్బు ఉన్నప్పుడు ఆ డబ్బు ఎడిట్ సాఫీగా నడవడానికి పెట్టండి. ఎక్స్‌పోర్ట్ పదిహేను నిమిషాలు ఎక్కువ తీసుకుంటే తీసుకోనివ్వండి.

ఇక ప్రాసెసర్లు. ఇక్కడ పేరు గొప్ప ఊరు దిబ్బ. ఒక ఉదాహరణ చూపిస్తాను. ఏఎమ్‌డీ వాళ్ల రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉన్నాయి, ఒక్క అంకె తేడా. మొదటిది జెన్ 2 డిజైను, నాలుగు కోర్లు. రెండోది జెన్ 3, ఆరు కోర్లు. రెండింటి మీదా రైజెన్ 5 అనే ఉంటుంది, రెండింటి మీదా 7000 సిరీస్ అనే స్టిక్కర్ ఉంటుంది. ఆ 7000 వరసలో రహస్యం మూడో అంకెలో ఉంది. అక్కడ 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3 కుటుంబం, 4 ఉంటే జెన్ 4. మొదటి అంకె ఏ సంవత్సరం మార్కెట్లోకి వదిలారో చెబుతుంది, అంతే. ఎడిటింగ్‌కి ఆ 7520యు వద్దు. కాగితాలకి, ఆన్‌లైన్ క్లాసులకి బాగుంటుంది.

ఇంటెల్‌లో కూడా ఇలాంటిదే. చివరి అక్షరం చూడండి. యు అంటే 15 వాట్ల తరగతి, హెచ్ అంటే 45 వాట్ల తరగతి. ఐ5-1235యులో పది కోర్లున్నాయని పెద్ద అక్షరాలతో వేస్తారు. అందులో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. ఐ5-12450హెచ్‌లో ఎనిమిదే అంటారు, కానీ అందులో నాలుగు పెద్దవి. ఎడిటింగ్‌కి నేనైతే రెండోది తీసుకుంటాను. తర్వాత వచ్చిన కోర్ 5 120యు లాంటి కొత్త పేర్లు చూసి కొత్త డిజైను అనుకోకండి, లోపలున్నది 13వ తరమే. పాతదైతే చెడ్డదని కాదు, పాతదానికి కొత్త ధర పెట్టకండి అంటున్నాను.

ఎన్ 100, ఐ3-ఎన్305 లాంటి చిప్పులతో వచ్చే వాటి జోలికి వెళ్లొద్దు. 1080పీ చిన్న వీడియోలు కత్తిరిస్తాయి, కాదనను. దాని పైన రెండు లేయర్లు, ఒక టైటిలు, కాస్త కలర్ వేసేసరికి అవి సొమ్మసిల్లుతాయి.

వాట్ల మాట వచ్చింది కాబట్టి వేడి గురించి చెప్పాలి. మా వృత్తిలో అసలైన పరీక్ష ఇదే, డబ్బా మీద ఎక్కడా రాయనిది కూడా ఇదే. ఇందాకటి 1235యుని తీసుకోండి. పేరుకి 15 వాట్లు. కానీ కాసేపు 55 వాట్ల దాకా లాగొచ్చని ఇంటెలే చెబుతుంది. ఆ కాసేపట్లో అయిపోయే బెంచ్‌మార్క్ పెడితే రాకెట్‌లా కనిపిస్తుంది. ఆ తర్వాత లాప్‌టాప్ వేడెక్కి, ఫ్యాను అరిచి, చిప్పు వేగం తగ్గించుకుంటుంది. ఎడిటింగ్ అంటే కాసేపటి పని కాదు కదా. అందువల్ల ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు లాప్‌టాప్‌లలో ఒకటి పావుగంట తర్వాత కూడా 30 వాట్లు లాగుతూ ఉంటుంది, ఇంకోటి 15కి పడిపోతుంది. డబ్బా మీద రెండూ ఒకటే. రివ్యూ చూసేటప్పుడు అరగంట లోడు పెట్టి చూశాడా లేదా అన్నది వెతకండి. లేకపోతే లాప్‌టాప్ తిరగేసి చూడండి. గాలి లోపలికి వెళ్లే జాలీ ఎంతుంది, బయటకు వచ్చే దారి ఎన్ని వైపుల ఉంది, ఫ్యాన్లు ఒకటా రెండా. సన్నగా, అందంగా ఉంది అని మురిసిపోయేది సాధారణంగా ఇక్కడే దొరికిపోతుంది.

ర్యామ్ గురించి వాదన అక్కర్లేదు, 16 జీబీ. ఎనిమిదితో విండోసు, బ్రౌజరు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు మూడూ తెరిస్తే ఊపిరాడదు. కానీ 16 ఎలా ఉందన్నది అడగండి. ఒకే 16 కడ్డీగా ఉందా, ఎనిమిది ఎనిమిదిగా రెండు ఉన్నాయా? రెండుంటే డ్యుయల్ చానల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో, నడుస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది. అందుకని దానికి దారి ఎంత వెడల్పుంటే అంత మేలు. దీనికి ఒక గుర్తు ఉంది. 1235యు లాంటి ఇంటెల్ చిప్పుల్లో డ్యుయల్ చానల్ ఉంటే గ్రాఫిక్స్ పేరు ఐరిస్ ఎక్స్ఈ అని చూపిస్తుంది. ఒకే కడ్డీ ఉంటే అదే చిప్పు తన పేరు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చెప్పుకుంటుంది. చిప్పు మారలేదు, దారి ఇరుకైంది, హోదా తగ్గింది. (నవ్వులు)

8 జీబీ ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేసి, అదనపు స్లాటు లేనిది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. దానికి భవిష్యత్తు లేదు. 8 జీబీ కడ్డీ పెట్టి, పక్కన ఒక స్లాటు ఖాళీగా ఉన్నదైతే నాకు ఇష్టం. ఇంకో 8 మీరే వేసుకోవచ్చు.

ఇప్పుడు మీ ప్రియమైన గ్రాఫిక్స్ కార్డు. వద్దనడం లేదు. రిజాల్వ్‌లో కలర్ పని చేసేవాళ్లకి, నాయిస్ తగ్గించేవాళ్లకి, ఎఫెక్టులు ఎక్కువ వేసేవాళ్లకి ఇది కావాల్సిందే. రిజాల్వ్ బరువంతా జీపీయూ మీదే మోపుతుంది. కట్ చేసి, టైటిల్ వేసి, ఆడియో సరిచేసి వదిలేవాళ్లకి దీని అవసరం తక్కువ. మీరు ఏ రకమో మీరే చెప్పుకోండి.

కొనేవాళ్లు రెండు చూడండి. ఒకటి దాని సొంత మెమరీ. 4 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3050తో 4కే టైమ్‌లైన్ మీద రెండు మూడు ఎఫెక్టులు వేయగానే జీపీయూ మెమరీ నిండిందన్న సందేశం వస్తుంది. ఇందాక ఫ్రేముకి వంద ఎంబీ అని లెక్క వేశాం కదా, నాలుగు జీబీలో ఎన్ని పడతాయో చూసుకోండి. 6 జీబీ ఉన్నది దొరికితే తేడా కనిపిస్తుంది. రెండోది, వాట్లు. ఆర్‌టీఎక్స్ 4050 అని పేరు ఒకటే, కానీ లాప్‌టాప్ కంపెనీ దాన్ని 35 వాట్ల నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా కట్టేయొచ్చు. సన్నటి లాప్‌టాప్‌లో కింద కట్టేస్తారు. అమ్మేవాళ్లని టీజీపీ, అంటే గ్రాఫిక్స్‌కి ఇచ్చే వాట్లు, ఎంత అని అడగండి. తెలియదంటే చార్జర్ మీద వాట్లు చదవండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్‌కి 90 వాట్ల చార్జరు ఇచ్చారంటే లోపల దానికి ఎంత తిండి పెడుతున్నారో అర్థమైపోతుంది.

(ప్రశ్న: అయితే గేమింగ్ లాప్‌టాప్ కొనుక్కోవచ్చా?)

చాలాసార్లు అదే సరైన కొనుగోలు. గాలి బాగా ఆడుతుంది, ర్యామ్ స్లాట్లు, రెండో ఎస్ఎస్‌డీ స్లాటు సాధారణంగా ఉంటాయి. లోపాలు రెండు. ఫ్యాన్ల మోత, అదే గదిలో వాయిస్ ఓవర్ చెప్పుకునేవాళ్లకి తలనొప్పి. రెండోది తెర, దాని గురించే చెప్పబోతున్నాను.

చవక గేమింగ్ లాప్‌టాప్‌లలో 144 హెర్ట్‌జ్ అని పెద్దగా వేసి, కింద చిన్న అక్షరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాస్తారు. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. దాన్ని మనం వాడే ఎస్ఆర్‌జీబీ లెక్కలోకి మారిస్తే మూడింట రెండొంతులకి కాస్త తక్కువ. అంటే మీ వీడియోలో ఉన్న ఎరుపు, ఆకుపచ్చ పూర్తిగా ఆ తెర చూపించలేదు. అప్పుడేం జరుగుతుంది? అంతా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, మీరు శాచురేషన్ పెంచుతారు. బాగుంది అనుకుని అప్‌లోడ్ చేస్తారు. ఫోనులో చూస్తే మొహాలన్నీ కుంకుమ పూసినట్టుంటాయి. 100 శాతం ఎస్ఆర్‌జీబీ, లేదా 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉన్నదాన్నే వెతకండి, రెండూ దాదాపు ఒకటే. మిగతావన్నీ నచ్చి తెర ఒక్కటే నాసిగా ఉంటే, కొని తర్వాత విడిగా మంచి మానిటరు తగిలించుకోవచ్చు. లోపలి చిప్పు మార్చలేం, తెర పక్కన ఇంకో తెర పెట్టుకోగలం.

స్టోరేజీ గురించి తొందరగా చెప్పేస్తాను. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉండాలి, 512 జీబీకి తగ్గొద్దు, ఈఎంఎంసీ అనే నెమ్మదైన చవక స్టోరేజీ ఉంటే అక్కడితో ఆపేయండి. సెకనుకి 3500 ఎంబీ, 7000 ఎంబీ అన్న పోటీ మనకి అక్కర్లేదు, ఫోను ఫైలుకి ఎంత కావాలో ఇందాక చూశాం కదా. చోటు ముఖ్యం, డిస్కు పూర్తిగా నింపకండి, నిండేకొద్దీ చవక ఎస్ఎస్‌డీలు రాయడంలో బాగా నెమ్మదిస్తాయి. ఫుటేజీ బయటి ఎస్ఎస్‌డీలో పెట్టుకుని అక్కడి నుంచే ఎడిట్ చేయొచ్చు. తగిలించే పోర్టు మాత్రం చూసుకోండి, టైప్ సీ ఆకారంలో ఉన్నంత మాత్రాన వేగమైనదని కాదు. యూఎస్‌బీ 2.0కి తగిలిస్తే సెకనుకి 40 ఎంబీ దాటదు.

ఇక ప్రాక్సీలు. తక్కువ బడ్జెట్ అంటున్నాం కాబట్టి, నిజానికి ఇది తెలిసినవాడికి లాప్‌టాప్ ఎంపికలో సగం బెంగ తీరిపోతుంది. మీ 4కే ఫైళ్లకి చిన్న సైజులో, సులువుగా విప్పుకునే నకళ్లు తయారుచేస్తుంది సాఫ్ట్‌వేర్. ప్రోరెస్ ప్రాక్సీ, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎల్‌బీ లాంటి ఫార్మాట్లలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉంటుంది. ముందు వెనకల లెక్కలు లేవు, నొక్కిన చోట వెంటనే తెరుచుకుంటుంది. మీరు నకళ్ల మీద ఎడిట్ చేస్తారు, ఎక్స్‌పోర్ట్ అప్పుడు సాఫ్ట్‌వేరే అసలు ఫైళ్లని తెచ్చుకుంటుంది. నాణ్యత పైసా తగ్గదు. ఖర్చల్లా చోటు, సమయం. 1080పీ ప్రోరెస్ ప్రాక్సీ 30 ఫ్రేముల దగ్గర సెకనుకి 45 మెగాబిట్లు, అంటే గంట ఫుటేజీకి సుమారు 20 జీబీ. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది. అదే ఫుటేజీని 4కేలోనే పూర్తి ప్రోరెస్ 422 చేస్తే గంటకి 265 జీబీ అవుతుంది, ఆ పని చేయకండి.

ఈ ప్రాక్సీల సౌకర్యం ప్రీమియర్‌లో ఉంది, రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఉంది, కెడెన్‌లైవ్‌లో ఉంది. ఇంత కాలంగా ఉన్నా కొత్తవాళ్లలో చాలామంది దీన్ని ముట్టుకోరు, అదేదో పెద్దవాళ్ల వ్యవహారం అనుకుంటారు. నిజానికి పెద్ద మెషిన్లు ఉన్నవాళ్ల కంటే చిన్న మెషిన్ ఉన్నవాడికే ఇది కావాలి.

ఇందాక వేరియబుల్ ఫ్రేమ్ రేటు చూపించి వదిలేశాను. ఫోనులు వెలుతురుని బట్టి, వేడిని బట్టి ఫ్రేముల వేగం మార్చేస్తాయి. దాంతో పొడవాటి ఇంటర్వ్యూల్లో పోనుపోను పెదవులకీ మాటకీ పొంతన తప్పుతుంది. అది లాప్‌టాప్ తప్పనుకుని కొత్తది కొన్నవాళ్లని చూశాను. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచి మార్చుకుంటే సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ గురించి ఎవరో చీటీ పంపారు. తప్పకుండా చూడొచ్చు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే, అదీ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉంటేనే. ఎడిటింగ్ కోసమైతే నేను 11వ తరం కిందకి దిగను, క్విక్ సింక్ గురించి చెప్పిన కారణం వల్లే. బ్యాటరీ రిపోర్టు విండోసే ఇస్తుంది, అందులో కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది రెండూ ఉంటాయి. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఇంకా గట్టిదే, 4:2:2 హెచ్‌ఈవీసీ కూడా విప్పుతుంది. ఫ్యాను లేదు కాబట్టి పొడవాటి ఎక్స్‌పోర్టులో నెమ్మదిస్తుంది, అంతే. దాంట్లో ర్యామ్ గానీ స్టోరేజీ గానీ తర్వాత పెంచలేరు. కాబట్టి 16 జీబీ ఉన్నది దొరికితేనే చూడండి, ఎనిమిదిది 1080పీ వరకే అనుకోండి.

కొత్తది కొన్నాక రిటర్న్ గడువు లోపలే పని పెట్టండి. స్టిక్కర్లు తీయకుండా దాచుకోవద్దు, మొదటి రోజే నిజమైన ప్రాజెక్టు ఒకటి తెరిచి గంటసేపు లాగండి. చార్జరు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. చార్జరు తీసేస్తే గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్‌లు చాలావరకు వేగం బాగా తగ్గించుకుంటాయి. అది జబ్బు కాదు, బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేదు. చార్జరు పెట్టి కూడా అలాగే ఉంటే మాత్రం వెనక్కి ఇచ్చేయండి.

(ప్రశ్న: నా దగ్గర 8 జీబీ లాప్‌టాప్ ఉంది, ఐ5 11వ తరం. అమ్మేసి కొత్తది కొనాలా?)

మీరు ఏం తీస్తారు? ఫోనే కదా, 4కే. ఇప్పుడే అమ్మకండి. మీ మోడల్ సర్వీసు మాన్యువల్ చూసి ర్యామ్ స్లాటు ఖాళీగా ఉందో లేదో తెలుసుకోండి. ఉంటే ఇంకో 8 వేయండి. టైమ్‌లైన్ 1080పీలో పెట్టండి, ప్లేబ్యాక్ రిజల్యూషన్ సగానికి దించండి, గంట దాటిన ప్రాజెక్టులకి ప్రాక్సీలు చేయండి. జాలీలో దుమ్ము తీయించండి, ఎండిపోయి ఉంటే థర్మల్ పేస్టు మార్పించండి. ఇవన్నీ చేశాక కూడా ఆగుతోందంటే టాస్క్ మేనేజర్‌లో ఏ గీత వందకి తగులుతోందో చూసి, ఆ స్క్రీన్‌షాట్ తీసుకుని నా దగ్గరకి రండి. స్లాటు లేక ర్యామ్ సోల్డర్ అయి ఉంటే, అప్పుడు అమ్మేయండి.